జహనుమా నుంచి పాలమూరు దాకా

హైదరాబాదు పాతబస్తీలో పేటల పేర్లు వింటూ వుంటే ఏ నవాబుగారి దర్బారులోనో నిలబడినట్టు వుంటుంది. ఫలక్‌నుమా అంటే ఆకాశాన్ని చూపించేది. జహనుమా అంటే లోకాన్ని చూపించేది. రెండూ పారశీకం నుంచి వచ్చిన పేర్లే. రెండూ ఇరుగుపొరుగు పేటలే. అయితే అదృష్టంలో మాత్రం తేడా వుంది. ఫలక్‌నుమాకు గుట్టమీద మహలు దక్కింది. పైగా నవాబు వికారుల్ ఉమ్రా 1884లో కట్టడం మొదలుపెట్టిన ఆ మహలు తర్వాత ఆరవ నిజాం మహబూబ్ అలీఖాన్ చేతికి వచ్చింది. 1911లో ఆయన కన్ను మూసింది కూడా అక్కడే. 2010 నుంచి అది పెద్ద హోటలు. దేశదేశాల అతిథులు వచ్చి, అక్కడినుంచి వూరంతా చూసి ముచ్చటపడి వెళ్తూ వుంటారు.

జహనుమాకు అంత వైభవం లేదు. ఇరుకు వీధులు, వీధికి రెండేసి చాయ్ దుకాణాలు, నిప్పురవ్వలు చిమ్మే వెల్డింగు కొట్లు, ఇంటి అరుగుల మీదే సాగే చిన్న చిన్న పనులు. అయినా లోకాన్ని చూపించే పని ఈ పేట మానలేదు. వీధి మొగలో నిలబడే ట్రాలీ బండ్లే అందుకు సాక్ష్యం. ఇవాళ పెళ్ళివారి సామాను కర్నూలుకు, రేపు ఇనుప బీరువాలు నల్లగొండకు, ఎల్లుండి వుల్లిపాయలు మలక్‌పేట గంజి నుంచి మరెక్కడికో. ఆ బండ్లు తిరిగినంత లోకం మనలో చాలామంది తిరిగి వుండరు.

మా అక్కయ్య కూతురు పాలమూరులో కొత్త కాపురం పెట్టింది. మంచాలు, బీరువా, ఫ్రిజ్జి, బట్టలుతికే యంత్రం, పరుపులు, అక్కయ్య ముచ్చటపడి కొన్న గ్రైండరు, ఇవిగాక మూటలు కట్టిన ఇత్తడి సామాను. అంతా లెక్క వేస్తే రెండు బండ్ల సరుకు అయింది. బీరువా చేయించింది జహనుమా దగ్గరే కాబట్టి బండ్లు కూడా అక్కడే మాట్లాడాను. ఒక బండి చాచాది. అరవై దాటిన మనిషి. వీధిలో అందరూ ఆయనను చాచా అనే పిలుస్తారు, నేనూ అంతే. రెండో బండి ఆయన మేనల్లుడిది. ఇరవై ఆరేళ్ళ కుర్రవాడు, చలాకీ అయినవాడు.

రెండూ ఒకే కంపెనీవి, ఒకే నమూనావి, కొన్నదీ ఒకే సంవత్సరం. తయారైనప్పుడు కవలపిల్లల్లా వుండి వుంటాయి. ఇప్పుడు పక్కపక్కన నిలబెడితే ఒక తల్లి బిడ్డలని చెప్పినా నమ్మరు.

చాచా బండి కంపెనీ నుంచి వచ్చినట్టే వుంది. రంగు కాస్త వెలిసింది, అంతే. మేనల్లుడి బండి మాత్రం పెళ్ళికొడుకు. ముందు బలమైన ఇనుప గార్డు. క్యాబిన్ నెత్తిన క్యారియరు, దానిమీద వరసగా నాలుగు దీపాలు. వెనక తొట్టికి చుట్టూ మనిషెత్తు ఇనుప గ్రిల్లు. కంపెనీ ఇచ్చినవాటికంటే పెద్ద టైర్లు. కింద కమాన్లకు అదనంగా మరో రెండు పట్టీలు. లోపల పాటల పెట్టె సంగతి చెప్పనే అక్కర్లేదు. అది పాడితే వీధిలో పసిపిల్లలు వులిక్కిపడి లేవవలసిందే.

ఇక్కడ కమాను అన్న మాట గురించి ఒక ముక్క చెప్పాలి. పారశీకంలో కమాన్ అంటే విల్లు. విల్లులా వంగిన తోరణాన్నీ కమాను అన్నారు. చార్మినారు పక్కన చార్ కమాన్ అలా వచ్చిందే. జూ పక్కన వున్న మీరాలం చెరువు కట్టకు 21 కమాన్లు వరుసగా నిలబడి నీళ్ళను ఆపుతున్నాయి. విల్లులా వంచిన వుక్కు పట్టీలను ఒకదానికింద ఒకటి పేర్చి బండి కింద బిగిస్తే వాటినీ మన డ్రైవర్లు కమాన్లే అంటారు. చెరువు కమాను నీటి బరువు మోస్తే, బండి కమాను సరుకు బరువు మోస్తుంది. పట్టీలు పెంచితే ఎక్కువ సరుకు వేయవచ్చునన్నది కుర్రవాడి ఆశ.

సామాను ఎక్కిస్తూండగా చాచా నన్ను పక్కకు పిలిచాడు.

“సాబ్, మీరు చదువుకున్నవారు. ఒక సాయం చేయండి. వీడికి ఒక లెక్క చూపించాలి. నేను చెబితే మామూ ముసలివాడైపోయాడు అంటాడు. మీరు కాగితం మీద రాస్తే వింటాడు.”

సంగతి ఏమిటంటే, కుర్రవాడు బండిమీద అప్పు తీసుకున్నాడు. నెలకు 14,000 రూపాయల కిస్తీ. రెండు కిస్తీలు తప్పాయి. మూడోదీ తప్పితే బండి పట్టుకుపోతామని అప్పిచ్చినవాళ్ళు చెప్పి వెళ్ళారట. బేరాలు లేవా అంటే వున్నాయి. చాచాకు ఎన్ని బేరాలో వాడికీ అన్నే. అయినా నెలాఖరుకు చాచా చేతిలో నాలుగు డబ్బులు మిగులుతున్నాయి, వాడి చేతిలో మిగలడం లేదు. “కంపెనీవాడు చెప్పిన మైలేజి అబద్ధం సార్, డీజిలు తాగేస్తోంది” అని కుర్రవాడి ఫిర్యాదు. ఇంట్లో తల్లి, భార్య, నెలల పిల్ల. బండి పోతే నలుగురి అన్నం పోతుంది. విషయం నవ్వులాట కాదు.

లెక్క తీయడానికి చాచా చెప్పిన పద్ధతి చాలా సులువైనది. బయలుదేరే ముందు రెండు బండ్లూ ఒకే బంకులో, ఒకే పంపు దగ్గర, తుపాకీ తనంతట తాను టక్కుమని ఆగేదాకా డీజిలు నింపుకోవాలి. పాలమూరు వెళ్ళి తిరిగి వచ్చాక అదే బంకులో, అదే పంపు దగ్గర, మళ్ళీ టక్కుమనేదాకా నింపుకోవాలి. రెండోసారి ఎన్ని లీటర్లు పట్టిందో అన్నీ దారిలో తాగినట్టు. సామాను రెండింటిలోనూ ఇంచుమించు సమానంగా వేయించాడు. నేను వెళ్ళేటప్పుడు చాచా పక్కన, వచ్చేటప్పుడు మేనల్లుడి పక్కన కూర్చోవాలని ఒప్పందం.

తెల్లవారుజామున 5 గంటలకు బయలుదేరాం. బయలుదేరే ముందు చాచా నాలుగు చక్రాల గాలీ చూపించుకున్నాడు. వెనక చక్రాలకు బరువుకు తగినట్టు గాలి పెట్టించాడు. కుర్రవాడు చక్రాన్ని కాలితో ఒక్క తన్ను తన్ని “బాగానే వుంది మామూ” అన్నాడు. గాలి తగ్గిన టైరు నేలకు ఎక్కువ అతుక్కుంటుంది, తిరిగిన ప్రతిసారీ మెత్తబడి నలుగుతుంది. ఆ నలుగుడు అంతా వేడి రూపంలో పోతుంది. ఆ వేడి మన డీజిలే. ఎండలో చాలాసేపు తిరిగిన టైరును ముట్టుకుంటే ఈ సంగతి చేతికే తెలుస్తుంది.

బహదూర్‌పురా దాటి జూ పార్కు దగ్గర కొత్త వంతెన ఎక్కాం. ఆరాంఘర్ దాకా పోయే ఈ పైవంతెన సుమారు 4 కిలోమీటర్ల పొడవు. 2025 జనవరిలో తెరిచారు. అంతకుముందు కింది రోడ్డు మీద ఆగుతూ కదులుతూ వెళ్ళడంలోనే సగం ప్రాణం పోయేది. చాచా వంతెన ఎక్కగానే నాలుగో గేరులో వేసి, కాలు అట్లాగే నిలిపి పెట్టాడు. ముల్లు కదలలేదు.

“ఈ వంతెన నాకు నెలకు కొన్ని లీటర్లు మిగిలిస్తోంది సాబ్” అన్నాడు.

ఆ మాటలో శాస్త్రం వుంది. నిలబడిన బండిని కదిలించి వేగం అందించడానికి ఇంజను చాలా కష్టపడాలి. ఆ కష్టమంతా వేగం రూపంలో బండిలో దాచుకుని వుంటుంది. బ్రేకు తొక్కామంటే ఆ దాచుకున్నదంతా బ్రేకుల్లో వేడిగా మారి గాలిలో కలుస్తుంది. మళ్ళీ మొదటినుంచి సంపాదించాలి. బండి బరువు ఎంత ఎక్కువైతే ఆ నష్టం అంత ఎక్కువ. అందుకే వూళ్ళో తిరిగే బండికి బరువు శత్రువు, రహదారి మీద తిరిగే బండికి గాలి శత్రువు.

మేనల్లుడి బండి మీద కొత్తగా బిగించిన ఇనుమంతా ఎంత వుంటుందని అడిగాను. గ్రిల్లు, గార్డు, క్యారియరు, పట్టీలు, పాటల పెట్టె అన్నీ కలిపి 180 కిలోలని వెల్డింగు కొట్టువాడి చీటీలు చూసి చాచా ముందే లెక్క కట్టి వుంచాడు. అంటే ముగ్గురు మనుషులు రాత్రీ పగలూ టిక్కెట్టు లేకుండా వాడి బండిలో తిరుగుతున్నారన్నమాట. సరుకు వున్నా లేకపోయినా వాళ్ళు దిగరు. అమెరికా ఇంధన శాఖవారి లెక్కలో మామూలు కారుకు 45 కిలోల బరువు పెరిగితే నూటికి ఒక వంతు ఇంధనం ఎక్కువ అవుతుంది. పెద్ద బండికి ఆ వంతు కొంచెం తగ్గుతుందిగాని లేకుండా పోదు.

శంషాబాదు దాటాక రోడ్డు విశాలమైంది. 2008లో విమానాశ్రయం వచ్చినప్పటినుంచీ ఈ దారి రూపే మారిపోయింది. అక్కడే మేనల్లుడు మమ్మల్ని దాటి దూసుకుపోయాడు. హారను వాయించి, చేయి వూపి, రెండు నిమిషాల్లో కనుమరుగయ్యాడు. చాచా నవ్వాడు. ఆయన ముల్లు 60 దగ్గరే వుంది.

“వాడు 85లో వున్నాడు. అక్కడ బండి నడిపేది వాడు కాదు, గాలితో కుస్తీ పట్టేది ఇంజను.”

గాలి అడ్డు వేగంతోపాటు సమానంగా పెరగదు, వేగం వర్గంతో పెరుగుతుంది. 60 నుంచి 85కు పోతే వేగం ఒకటిన్నర రెట్లు కూడా కాలేదు. గాలి అడ్డు మాత్రం రెండింతలు అవుతుంది. దానికితోడు నెత్తిమీద క్యారియరు, చుట్టూ గ్రిల్లు. గాలికి ఎదురుగా గొడుగు పట్టుకుని నడిచినవారెవరికైనా దీని అనుభవం తెలిసే వుంటుంది. అమెరికావారి లెక్కలోనే కారు నెత్తిన మొద్దుగా వుండే పెద్ద సామాను పెట్టె బిగిస్తే వూళ్ళో నూటికి 2 నుంచి 8 వంతులు, వేగంగా పోయే పెద్ద రహదారుల మీద 10 నుంచి 25 వంతుల దాకా ఇంధనం దండగ. మన దేశంలో 1978లో ఏర్పడిన పెట్రోలియం కన్జర్వేషన్ రీసెర్చ్ అసోసియేషన్ వారు ఏళ్ళ తరబడి చెబుతున్న మాట కూడా ఇదే: గంటకు 45 నుంచి 55 కిలోమీటర్ల వేగంలో నడిపితే, 80లో నడిపినప్పటికంటే నూటికి 40 దాకా ఎక్కువ దూరం రావచ్చునని.

షాద్‌నగర్ దాటుతూండగా మాట పాత రోజుల మీదికి మళ్ళింది. చాచా తెలుగు నేర్చుకున్నది ఈ రోడ్డు మీదే. 1980లలో క్లీనరుగా పనిలో చేరాడట. ఆ కాలంలోనే మన దేశానికి జపాను చిన్న లారీలు వచ్చాయి. మన హైదరాబాదు ఆల్విన్ వారు నిస్సాన్‌తో కలిసి జహీరాబాదులో ఫ్యాక్టరీ పెట్టారు. టయోటాతో డి.సి.ఎం., మిత్సుబిషితో ఐషర్, మాజ్దాతో స్వరాజ్ చేతులు కలిపాయి. ఆల్విన్ నిస్సాన్ తర్వాత మహీంద్రావారి చేతికి వెళ్ళింది. జహీరాబాదు మహీంద్రావారి వూరయింది. డి.సి.ఎం. టయోటా ఎప్పుడో మూతపడినా ఆ పేరు మాత్రం మన నోళ్ళలో నిలిచింది. ఇప్పటికీ ఏ కంపెనీ మినీ లారీ కనిపించినా మనవాళ్ళు “డీసీఎం” అనే అంటారు. 2005లో టాటా ఏస్ వచ్చాక ఇరుకు వీధుల్లోకి కూడా నాలుగు చక్రాల బండి దూరింది. పాతబస్తీ దాన్ని ముద్దుగా ఛోటా హాథీ అన్నది.

“ఆ రోజుల్లో మా వుస్తాదు యాక్సిలరేటరు కింద కోడిగుడ్డు వుందనుకుని కాలు పెట్టమనేవాడు” అన్నాడు చాచా. “గుడ్డు పగిలితే నా చెవి పగిలేది.”

జడ్చర్ల దగ్గర కుడివైపు తిరిగి పాలమూరు చేరాం. మహబూబ్‌నగర్ అన్న పేరు 1890లో వచ్చింది, ఆ ఆరవ నిజాం పేరుమీదనే. జహనుమా పొరుగున చనిపోయిన నవాబు పేరుగల వూరికి జహనుమా బండ్లు సామాను మోస్తున్నాయన్నమాట. పేరు మారి నూరేళ్ళు దాటినా జనం నోట పాలమూరు పాలమూరుగానే వుంది.

మేనల్లుడు మాకంటే ముందే వచ్చి, చాయ్ తాగి కూర్చున్నాడు. ఎంత ముందని అడిగితే గడియారం చూసి 18 నిమిషాలన్నాడు. ఆ 18 నిమిషాల్లో ఏం చేశావని చాచా అడగలేదు. నేనూ అడగలేదు. సామాను దింపి, అక్కయ్య కూతురు పెట్టిన జొన్నరొట్టెలు తిని, పిల్లలమర్రి మహావృక్షాన్ని దూరంనుంచే తలుచుకుని, మధ్యాహ్నం తిరుగు ప్రయాణం కట్టాం.

ఈసారి నా సీటు మేనల్లుడి పక్కన. కుర్రవాడు మంచివాడు, మర్యాద తెలిసినవాడు. “సార్, గాలి వస్తోందా, కిటికీ దించనా” అని పదిసార్లు అడిగాడు. కాని కాలికి నిలకడ లేదు. ముందు ఖాళీ కనిపిస్తే చాలు, బలంగా తొక్కడం. ఆ ఖాళీ అవతల లారీ కనిపించగానే అంత బలంగా బ్రేకు వేయడం. లారీ అక్కడ వున్న సంగతి అర కిలోమీటరు ముందే మా ఇద్దరికీ కనబడుతూనే వుంది. చాచా అయితే అక్కడినుంచే కాలు తీసేవాడు; బండి తన వేగంతో తాను దొర్లుకుంటూ పోయేది.

రోడ్డు వాలుగా వున్నచోట కుర్రవాడు గేరు తీసి న్యూట్రలులో వదిలాడు. “డీజిలు కలిసి వస్తుంది సార్” అని రహస్యం చెప్పినట్టు చెప్పాడు. ఇది పాత బండ్ల రోజుల నమ్మకం. ఇప్పటి బండ్లలో డీజిలు చిమ్మేది ఎలక్ట్రానిక్ ఏర్పాటు. గేరులో వుండగా కాలు పూర్తిగా తీసేస్తే, చక్రాలే ఇంజనును తిప్పుతున్నాయని గ్రహించి అది డీజిలు పూర్తిగా ఆపుతుంది. న్యూట్రలులో వేస్తే ఇంజను ఆరిపోకుండా వుండటానికి మళ్ళీ డీజిలు పోయవలసి వస్తుంది. కలిసి వస్తుందనుకున్నచోట ఖర్చు అవుతోందన్నమాట. అదిగాక ఇంజను పట్టు తప్పిన బండి వాలులో భారమంతా బ్రేకుల మీద వేస్తుంది. అది ప్రాణాలతో చెలగాటం.

ఖాళీ బండి కదా అని వెనక తలుపు కిందికి దించి గొలుసుతో కట్టాడు. గాలి లోపలినుంచి సాఫీగా పోతుందని వాడి వూహ. వినడానికి నిజమనే తోస్తుంది. విదేశాల్లో తొట్టి బండ్లను గాలి సొరంగాల్లో నిలబెట్టి పరీక్షించినవారు తేల్చింది వేరు. తలుపు మూసి వుంటే తొట్టిలో గాలి ఒక సుడిగా తిరుగుతూ దిండులా నిలబడుతుంది. పైనుంచి వచ్చే గాలి దాని మీదుగా జారిపోతుంది. తలుపు దించితే ఆ దిండు చెదిరిపోయి, లాగుడు ఎక్కువవుతుంది. ఇంతకూ వీడి బండికి చుట్టూ గ్రిల్లు వుంది కాబట్టి గాలి ఎటూ దారి వెతుక్కోక తప్పదు.

షాద్‌నగర్‌లో చాయ్ తాగుదామని ఆగాం. ఎవరితోనో ఫోనులో మాట్లాడుతూ ఇంజను ఆపడం మరిచాడు. ఇరవై నిమిషాలు అది గురగురమంటూనే వుంది. ఇంతటి డీజిలు ఇంజను గంటసేపు వూరికే తిరిగితే అర లీటరు నుంచి లీటరు దాకా ఖర్చవుతుంది. చాయ్‌కి ఇరవై రూపాయలు ఇచ్చాం. ఇంజను తాగింది మా చాయ్ కంటే ఖరీదైనదే.

సాయంత్రానికి బంకు చేరాం. చాచా బండిలో టక్కుమనేసరికి 15.7 లీటర్లు. మేనల్లుడి బండిలో 20.2 లీటర్లు. కుర్రవాడి ముఖం చిన్నబోయింది. చాచా ఒక్క మాట అనలేదు.

నేను కాగితం తీశాను. చాచా మీటరు 204 కిలోమీటర్లు చూపింది. వాడి మీటరు 198 చూపింది. దారి ఒకటే అయినప్పుడు ఆరు కిలోమీటర్లు ఎక్కడికి పోయాయి? అది పెద్ద టైర్ల మాయ. మీటరు చక్రం ఎన్నిసార్లు తిరిగిందో లెక్క పెట్టి దూరం చెబుతుంది. చక్రం పెద్దదైతే తక్కువసార్లు తిరిగి అదే దూరం పోతుంది. మీటరు దూరాన్ని తగ్గించి చెబుతుంది. కాబట్టి టైర్లు మార్చినవాడు తన మీటరును నమ్మి మైలేజి లెక్క వేయకూడదు, రోడ్డు పక్క రాళ్ళను నమ్మాలి. 204 లెక్కనే తీసుకుంటే చాచా బండి లీటరుకు 13, వాడిది 10 కిలోమీటర్ల పైచిల్లర. కంపెనీవాడి అబద్ధం ఏమైనా వుంటే అది ఇద్దరికీ సమానమే కదా!

తేడా నాలుగున్నర లీటర్లు. గుండుగుత్తగా లీటరు వంద రూపాయలనుకుంటే 450 రూపాయలు. నెలకు ఇట్లాంటి బేరాలు ఇరవై వస్తే 9,000 రూపాయలు. కిస్తీ 14,000. కిస్తీలో మూడింట రెండు వంతులకు దగ్గరి సొమ్ము వాడి కాలికింద, నెత్తిమీద ఆవిరి అయిపోతోంది. ఆ అంకె కింద రెండు గీతలు గీసి కాగితం వాడి చేతిలో పెట్టాను. చాలాసేపు చూశాడు.

“మామూ, గ్రిల్లు తీసేస్తే పరుపుల బేరాలు పోతాయి” అన్నాడు చివరికి.

ఆ మాటలో న్యాయం వుంది. బండికి ఏ మార్పూ చేయకూడదనడం తేలికే. కాని పరుపులు, దూది బస్తాలు, ప్లాస్టిక్ సామాను మోసేవాడికి ఎత్తు కావాలి. ఆ ఎత్తు సంపాదించి పెడుతుంది కూడా. చాచా బాగా ఆలోచించి చెప్పాడు: “ఏది డబ్బు తెస్తుందో అది వుంచు. ఏది వూరికే తింటుందో అది దించు. గ్రిల్లు విప్పేటట్టు బోల్టులు వేయించు. పరుపుల రోజున ఎక్కించు, బీరువాల రోజున ఇంటి దగ్గర పెట్టు. గార్డు, క్యారియరు దేనికి? అవి ఏ బేరం తెచ్చాయి?”

గార్డు సంగతిలో చట్టం కూడా చాచా పక్షమే. 2017 డిసెంబరులో కేంద్ర రవాణా శాఖ ఇటువంటి గార్డులపై చర్య తీసుకోమని రాష్ట్రాలకు రాసింది. రోడ్డున పోయేవారిని తాకితే దెబ్బ ఎక్కువ తగులుతుంది. మన బండికి కూడా ఢీకొన్నప్పుడు వంగి కాపాడవలసిన భాగం వంగదు. 1988 మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షను ప్రకారం రిజిస్ట్రేషను కాగితాల్లో వున్నదానికి విరుద్ధంగా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా తయారీదారు నిర్దేశించిన తీరును మార్చరాదని చెప్పింది. కాబట్టి బోల్టుల గ్రిల్లు అయినా సరే, ముందుగా రవాణా కార్యాలయంలో అడిగి, అనుమతి వుంటేనే పెట్టుకోమని నేను జోడించాను. పట్టీలు పెంచినంత మాత్రాన కాగితాల్లో రాసిన బరువు పెరగదు; ఎక్కువ వేసి పట్టుబడితే జరిమానా, ప్రమాదం జరిగితే బీమా దగ్గర పేచీ. ఇంకొకటి: 2020 ఏప్రిల్ నుంచి వచ్చిన బి.ఎస్. 6 బండ్లలో పొగను శుభ్రం చేసే ఏర్పాట్లు వున్నాయి. వాటిని మూసేస్తే మైలేజి పెరుగుతుందని ఆశపెట్టే మెకానిక్కులు వుంటారు. ఆ పొగ పీల్చేది మన వీధి పిల్లలేనని చెబితే కుర్రవాడు తల వూపాడు. వాడికీ పిల్ల వుంది కదా.

తర్వాత నెలలో మరో బేరం మీద వాళ్ళిద్దరూ పాలమూరు వెళ్ళారు. ఆ సంగతి చాచా నాకు ఫోనులో చెప్పాడు. ఆ సారి కుర్రవాడు బండిలో ఒక్క మరకూడా మార్చలేదు. టైర్లలో గాలి సరిచేసి, 60 దాటకుండా, దూరం చూసి కాలు తీస్తూ నడిపాడు. 18 లీటర్లు పట్టింది. ఆ తర్వాత గార్డు, క్యారియరు దించి, గ్రిల్లు ఇంటి దగ్గర వదిలి వెళ్ళినప్పుడు 17కు వచ్చింది. సరుకు, గాలి ఏ రోజుకారోజు వేరు కాబట్టి వీటిని తాసులో తూచిన అంకెలని నేను అనను. కాని దారి తెలుస్తూనే వుంది. సగంపైగా కలిసి వచ్చింది కాలివల్ల. ఇనుము దించినందువల్ల మరికొంత. మిగిలిన తేడా పెద్ద టైర్లది, పట్టీలది. అవి అరిగేదాకా ఆగి, కంపెనీ కొలత టైర్లే వేయిస్తానన్నాడట.

మన ఇళ్ళలో బండి లేకపోవచ్చు. వుంటే స్కూటరో, చిన్న కారో వుంటుంది. వాటికీ ఇదే వర్తిస్తుంది. నెలకొకసారి టైర్లలో గాలి, డిక్కీలో మరిచిపోయిన బరువులు, సిగ్నలు దగ్గర ఆపని ఇంజను, ముందున్నవాడిని దాటాలన్న ఆత్రం. సంపాదన పెంచుకోవడం మన చేతిలో లేకపోయినా ఇవి మన చేతిలో వున్నాయి. కాదు, కాలిలో వున్నాయి.

కుర్రవాడు ఒక కిస్తీ కట్టాడు. ఇంకా ఒకటి బాకీ వుంది. అప్పిచ్చినవాళ్ళు గడువు ఇచ్చారు. గార్డును పాత ఇనుముకు అమ్మి, వచ్చిన డబ్బుతో గాలి కొలిచే చిన్న మీటరు కొన్నాడట. నాలుగు దీపాల్లో మూడు తీసేశాడు. నాలుగోది మాత్రం తీయనన్నాడు. రాత్రి వీధి మలుపు తిరిగేటప్పుడు ఆ వెలుగు చూసి పిల్ల చేతులు వూపుతుందట. దానికి ఎంత డీజిలు అవుతుందో చాచా లెక్క వేయలేదు.